చోటుంది, జరగండి

పొద్దున్నే ఆఫీసుకి రావడం, బ్యాగు కుర్చీకి తగిలించడం, టీ తెచ్చుకోవడం, ఆపైన కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క అక్షరమైనా కొట్టకుండా తెరవైపు చూస్తూ ఉండిపోవడం. ఆవిడ దినచర్య ఇదీ. కొత్తవాళ్ళెవరైనా చూస్తే కళ్ళు తెరుచుకుని నిద్రపోతోందేమో అనుకుంటారు. నిద్రా లేదు, గిద్రా లేదు. చదువుతుంది. ఎవరు ఎప్పుడు రాసి వదిలేసి వెళ్ళారో తెలియని పాత కోడుని వరుస వెంట వరుస, తెరమీద వేలు పెట్టుకుని మరీ చదువుతుంది. మధ్యలో ఎక్కడో ఆగి, "నువ్వెందుకున్నావమ్మా ఇక్కడ?" అని ఆ వరుసనే అడుగుతుంది. జవాబు దొరక్కపోతే నలుగుర్నీ కనుక్కుని, అటు తిప్పి ఇటు తిప్పి పరీక్షించి, అక్కర్లేదని తేలాక అప్పుడు తీసేస్తుంది.

ఆవిడ తీసేసిందంటే గది పెరుగుతుంది. కాస్త తీసేస్తే కాస్త, బాగా తీసేస్తే బాగా. గోడ గొంతు సవరించుకున్నట్టు ఓ చిన్న చప్పుడు చేసి వెనక్కి జరుగుతుంది. ఆ చప్పుడు వినగానే అందరూ టీ కప్పులు ఒలక్కుండా చేత్తో పట్టుకుంటారు, మళ్ళీ పనిలో పడతారు. సాయంత్రం తివాచీకి అతుకు వెయ్యడానికి ఒకాయన వస్తాడు. మొదట్లో ఆ ఆఫీసు ఎంత ఇరుకంటే, ఒకళ్ళు బయటికెళ్ళాలంటే మిగతావాళ్ళంతా లేచి నిలబడాలి. ఇప్పుడు కిటికీ పక్కన సోఫా పట్టింది, పూలకుండీ పట్టింది, చేతులు బార్లా చాపి ఒళ్ళు విరుచుకోవడానికి జాగా మిగిలింది. బయట్నుంచి చూస్తే మాత్రం మేడ ఎప్పటి మేడే. ఆఫీసులో అందరూ ఆవిణ్ణి చీపురమ్మ అంటారు. ఆవిడకీ ఆ పేరు నచ్చింది.

నన్నడిగితే, రాయడం ఎవరైనా రాస్తారండీ. పక్కవాడు రాసిపెట్టిన అడివిలోకి దిగి, ఏ కొమ్మ ఎండిందో ఏ కొమ్మకి ఇంకా ప్రాణముందో కనిపెట్టి, ఎండినదొక్కటే కొట్టి బయటికి రావడానికి ఎంత ఓపిక కావాలి! ఆవిడ పని చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది.

వాళ్ళు చేసేది రక్తపరీక్షల రిపోర్టుల్ని ల్యాబునుంచి డాక్టర్లకి చేర్చే సాఫ్ట్‌వేరు. అందులో ఫ్యాక్సు భాగమని ఒకటుంది. అది ఆవిడ కంట్లో నలుసు. ఫ్యాక్సు మెషీన్లు మూలపడి ఎంత కాలమైందో! అయినా ప్రతి రిపోర్టూ గడప దాటే ముందు, ఎక్కడో ఫ్యాక్సు మెషీను పలుకుతుందేమోనని కాసేపు ఎదురుచూసి, అది పలకలేదని తెలిశాక అప్పుడు కదులుతుంది. అవతల డాక్టరూ రోగీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చోవాలి. పోనీ తీసేద్దామా అంటే, ఇదివరకు ఒకతను తీసేస్తే రిపోర్టులన్నీ రోగి పేరు లేకుండా వెళ్ళాయట. గగ్గోలయింది. అతను దాన్ని మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేసి, పైన "దయచేసి ముట్టుకోకండి" అని రాసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఎవరూ ముట్టుకోలేదు.

అలాంటి ఆఫీసుకి కొత్త మేనేజరు వచ్చాడు. మంచివాడే పాపం. పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటాడు, ఎవరికైనా జ్వరమొస్తే ఇంటికి పొమ్మంటాడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, దేన్నైనా కొలిస్తేగానీ మనసు కుదుటపడదు. వచ్చీరాగానే గోడకి బోర్డని ఓ పెద్ద తెర పెట్టించి, ఎవరు ఎన్ని వరుసలు రాశారో అందులో కనబడేలా చేశాడు. రాస్తే పచ్చగీత పైకి, తీసేస్తే ఎర్రగీత కిందకి. చీపురమ్మ గీత తెర అడుగుకంటా దిగి, ఇంక చోటు చాలక అక్కడే ఆగిపోయింది.

ఒకరోజు ఆయన ఆవిణ్ణి లోపలికి పిలిచాడు.

"కూర్చోండి మేడమ్. ఎలా చెప్పాలో తెలీడం లేదు. పై ఆఫీసువాళ్ళు నెలాఖరుకి ఒకళ్ళని తీసెయ్యమన్నారు. బోర్డులో అందరికంటే కింద ఎవరుంటే వాళ్ళని."

ఆవిడ నోటికి అలవాటైన మాటే వచ్చింది. "తీసేసే ముందు చదివారా సర్?"

"దేన్ని?"

"నన్ను."

ఆయనకి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆయన నవ్వుతాడు, నవ్వాడు. "నెలాఖరుదాకా ఇంట్లోంచి పనిచెయ్యండి మేడమ్. మనకి జాగా బాగానే ఉంది కదా అని కొత్తవాళ్ళని తీసుకున్నాను. చకచకా రాసేవాళ్ళు. వాళ్ళకి మీ సీటు కూడా కావాలి."

ఆ జాగా ఎలా వచ్చిందో ఆయనకెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన విషయమే కదా, వేరే చెప్పడమెందుకు అనుకున్నారు.

చీపురమ్మకి ఉద్యోగం పోతుందన్న బాధకంటే ఇంటి బాధ పెద్దది. వాళ్ళ అత్తగారు ఒకప్పుడు సిటీ బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఇంకో ఇరవైమందిని ఎక్కించి, "చోటుంది, జరగండి! లోపలికి జరగండి!" అని కేకేస్తే, లేని చోటు కూడా వచ్చేదట. అలాంటి మనిషి తుంటి ఎముక విరిగి చక్రాల కుర్చీలో పడింది. ఇంట్లో బాత్రూం తలుపు ఆ కుర్చీ కంటే సన్నం. చక్రాలు గుద్దీ గుద్దీ రెండువైపులా రంగు లేచిపోయింది. వెళ్ళాల్సినప్పుడల్లా కొడుకు చేతుల మీద ఎత్తుకెళ్ళాలి. అతను బళ్ళో ఆటల మాస్టారు, మోయగలడు. మోయించుకోవడమే ఆవిడ వల్ల కాలేదు. ఎవరికీ చెప్పకుండా నీళ్ళు తాగడం మానేసింది.

"ఇలాగైతే కిడ్నీలు పాడైపోతాయమ్మా" అని డాక్టరు కోప్పడ్డాడు.

"తాగుతున్నాను బాబూ, తాగుతున్నాను" అని అబద్ధమాడింది. గ్లాసులో నీళ్ళు సాయంత్రానికి మొక్కలో పోసేది. మొక్క మాత్రం ఏపుగా పెరిగింది.

వెడల్పు తలుపులున్న ఇల్లొకటి చూసుకున్నారు. చీపురమ్మ ఉద్యోగం ఉంటేనే ఆ ఇల్లు.

"నెలాఖరుకి ఇంకా టైముంది" అన్నాడు భర్త ఆ సాయంత్రం. "ఏదో ఒకటి రాసి పడెయ్యరాదూ? ఆ గీత పైకొస్తే చాలు కదా."

"అక్కర్లేని కోడు రాయమంటావా?"

"అమ్మ కోసం."

మర్నాడు పొద్దున్న చీపురమ్మ డైనింగు టేబులు దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఒక్క ముక్కలో తేలిపోయేదాన్ని సాగదీసి, తిప్పి, మళ్ళీ మొదటికి తెచ్చి, పేజీలకి పేజీలు నింపింది. రాస్తున్నంతసేపూ ఒంటిమీద ఎవరిదో చొక్కా వేసుకున్నట్టు ఉంది. మధ్యాహ్నానికి బోర్డులో ఆవిడ గీత కొంచెం తల ఎత్తింది. అంతలో పడగ్గదిలోంచి అత్తగారి కేక, బస్సు ఆపించినట్టు.

"హోల్డాన్! హోల్డాన్!"

పరిగెత్తింది. అత్తగారి కుర్చీ పడగ్గది గుమ్మంలో ఇరుక్కుపోయింది. పొద్దున్నదాకా సాఫీగా పట్టిన గుమ్మమే. కుర్చీ అటూ కదలదు, ఇటూ కదలదు. ఇద్దరూ లాగి, తోసి, ఎలాగో వెనక్కి తెచ్చారు. అత్తగారి వేలు చెక్కుకుపోయింది.

"ఏమే అమ్మాయ్, ఏం చేస్తున్నావక్కడ?" అంది ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని.

"రాస్తున్నాను అత్తయ్యా."

"నువ్వు తీసేసే మనిషివి కదే! నీకు రాయడమెందుకొచ్చింది?"

చీపురమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. అంతా చెప్పేసింది, బోర్డూ, గీతా, నెలాఖరూ, ఆ వెడల్పు తలుపుల ఇల్లూ. అత్తగారు సాంతం విని, ఆ చెక్కుకుపోయిన వేలితోనే కోడలి కళ్ళు తుడిచింది.

"పిచ్చిదానా, నా బస్సులో టిక్కెట్లు ఎక్కువ చింపుదామని జనం లేకపోయినా చింపానా? వెళ్ళు. నీ పని నువ్వు చేసుకో."

చీపురమ్మ వెళ్ళి పొద్దుట్నుంచీ రాసిందంతా తీసేసింది. గుమ్మం గొంతు సవరించుకుని మునుపటంత అయింది. ఆవిడ గుమ్మంకేసి చూసింది, అటుపక్క బాత్రూం తలుపుకేసి చూసింది. ఆఫీసులో ఇన్నాళ్ళూ గోడలు జరుపుతూ, ఇంట్లో ఒక్కరోజూ కంప్యూటరు తెరవలేదే అనుకుని నొచ్చుకుంది. తర్వాత ఫ్యాక్సు భాగం తెరిచింది.

మర్నాడు కూడా ఒక్క అక్షరం కొట్టకుండా చదివింది. రోగి పేరు ఎక్కడ పోతోందా అని వరుస వెంట వరుస వెతికింది. చివరికి దొరికింది. ఫ్యాక్సు కాగితం పైన పేరు అచ్చువెయ్యడానికని ఎవరో పెట్టిన ఒక్క వరుస. రిపోర్టులన్నీ గుట్టుచప్పుడు కాకుండా దాని దగ్గరే పేరు అరువు తెచ్చుకుంటున్నాయి. "నువ్వమ్మా, నువ్వు మాత్రం ఉండాలి" అని ఆ వరుసని జాగ్రత్తగా తీసి మంచిచోట కూర్చోబెట్టింది. మిగతా అడివంతా నరికేసింది. రెండో మనిషి చూసి సరేనంటేగానీ పాతదేదీ తీసెయ్యకూడదన్నది వాళ్ళ పద్ధతి. ఆ మనిషి ఆఫీసులో టెస్టరు.

టెస్టరు ఫోన్ చేసింది. "అక్కా, ఇదొప్పుకుంటే బోర్డులో నీ గీత పాతాళానికి పోతుంది. బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించాను. పేర్లు సరిగ్గా వస్తున్నాయా, అది చెప్పు."

"వస్తున్నాయి. రిపోర్టులు కూడా నొక్కడమే ఆలస్యం, వెళ్ళిపోతున్నాయి." గొంతు తగ్గించి, "నువ్వెళ్ళాక, కొత్తవాళ్ళు రాసేకొద్దీ ఇక్కడ నా మోచెయ్యి గోడకి తగులుతోందక్కా. సోఫా కూడా బయట పెట్టేశారు" అంది. అని ఒప్పేసుకుంది.

ఇల్లంతా పెద్దగా గొంతు సవరించుకుంది. గ్లాసులు గలగలమన్నాయి. నడవ విచ్చుకుంది, బాత్రూం తలుపు చట్రం అటొకటీ ఇటొకటీ జరిగి, తలుపు కూడా తనంతట తను సాగి సరిపోయింది. అప్పుడే బడినుంచి వచ్చిన భర్త జారిపోబోయిన క్యాలెండరుని పట్టుకుని మళ్ళీ మేకుకి తగిలించాడు.

అత్తగారు కుర్చీ తిప్పుకుని బాత్రూం దాకా వచ్చి ఆగింది. అలవాటు ప్రకారం కొడుకు చేతులు చాచి ముందుకొచ్చాడు.

"జరగరా, జరుగు" అందావిడ. "చోటుంది."

చక్రాలు రెండువైపులా ఎక్కడా తగల్లేదు. లోపలికి వెళ్ళి, తలుపు తనే వేసుకుని, గడియ కూడా పెట్టుకుంది. లోపల్నుంచి గట్టిగా వినబడింది. "రైట్ రైట్!"

అతను చాచిన చేతుల్ని ఏంచెయ్యాలో తెలీక అలాగే నిలబడ్డాడు. చీపురమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది.

అప్పుడే ఫోన్ మోగింది. మేనేజరు. గొంతు ఎక్కడో అల్మారాలోంచి వస్తున్నట్టుంది.

"మేడమ్, చదివాను."

"దేన్ని సర్?"

"మిమ్మల్ని. ఇప్పుడే డాక్టర్లు వరసగా ఫోన్లు చేసి రిపోర్టులు ఇంత వేగంగా ఎలా వస్తున్నాయని అడుగుతున్నారు. ఇక్కడ నిన్న నా కుర్చీ వెనక్కి జరగలేదు, పక్కకి వాలి కూర్చున్నాను. టెస్టరు చెబితేగానీ ఎందుకో తెలీలేదు. రాత్రంతా కూర్చుని మీరు ఇన్నాళ్ళూ తీసేసినవన్నీ తెరిచి మొదట్నుంచీ చదివాను. ఎంత బాగా తీసేశారు మేడమ్!"

ఆవిడ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"పొద్దున్నే పై ఆఫీసువాళ్ళతో మాట్లాడాను. మిమ్మల్ని తీసెయ్యడం తీసేశాం. ఆ బోర్డు ప్రోగ్రామునీ చదివి, ఎందుకుందా అని చూసి, అదీ నేనే తీసేశాను. తీశానో లేదో, నా వెనక గోడ ఇంత జరిగింది మేడమ్!" ఆయన గొంతులో చిన్నపిల్లాడి సంబరం. "రేపు వస్తారా?"

"వస్తాను సర్. వారంలో కొన్నాళ్ళు మాత్రం ఇంట్లోంచి చేస్తాను. ఇక్కడ వంటిల్లు మరీ ఇరుగ్గా ఉంది."

"అలాగే మేడమ్. ఎలా వీలైతే అలా."

ఆవిడ ఫోన్ పెట్టేసేసరికి బాత్రూం గడియ తీసిన చప్పుడైంది. అత్తగారు మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, డ్యూటీకి బయల్దేరినట్టు కుర్చీ తోసుకుంటూ బయటికొచ్చింది. కొడుకునీ కోడల్నీ చూసి కళ్ళెగరేసింది.

"ఏం చూస్తారలా? నీళ్ళు పట్రండి."

చీపురమ్మ గ్లాసు నింపి తెచ్చింది. ఆవిడ గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు మళ్ళీ చాపింది.

"ఇంకోటి ఇవ్వే అమ్మాయ్. పెద్ద గ్లాసుతో."