రేవు కడిగిన నాడు

శరత్ప్రభాతవేళ పలుచని మంచుతెర విచ్చుకొనుచుండగా బాలభానుకిరణారుణితమైన సాగరతీరనగరమందలి చాకిరేవున ధవళవస్త్రపరంపరాలంకృతములగు దండెములు పిల్లగాలికి ఊగుచుండ ఉతుకుబండలపై వస్త్రతాడనధ్వనులు నలుదిక్కుల మ్రోగుచుండెను. డెబ్బది కుటుంబములకు అదియే అన్నము పెట్టు తావు.

హరితనగరనిర్మాణదీక్షాపరాయణమైన ప్రభుత్వము ఏ నేల నెట్లు వాడవలయునో నిర్ణయించు భారమును కృత్రిమమేధాయంత్రమున కప్పగించెను. ఆకాశమునుండి తీసిన చిత్రములను చూచి ఖాళీ నేలలను ఉద్యానములకు కేటాయించుట దాని పని. నగరప్రణాళికాధికారియైన పరాంకుశరావు ముందునాడే రేవునకు వచ్చి పదేండ్లుగా తన యింటి బట్టలుతుకుచున్న రేవుపెద్ద నూకాలమ్మతో "రేపు చిత్రములు తీయుదురు. రేవును శుభ్రముగా నుంచుము. మీకే మేలు" అని చెప్పెను. ఒరులు విడిచిన బట్టలను పదుగురి కంట పడనిచ్చుట తమ వృత్తికి తలవంపులని తలంచు ఆ జనులు ఆ మాట నమ్మి దండెములు విప్పి బానలు దాచి బండలు తోమి ఆనాటికి పని మానుకొని యిండ్లకు పోయిరి.

యంత్రమునకు మనిషి కనబడలేదు. గుడ్డపీలికయు కనబడలేదు. అది నిర్జనభూమియని తేల్చగా పక్షము దినములలో రేవు విడిచిపోవలయునని తాఖీదు వచ్చెను. దానిక్రింద పరాంకుశరావు సంతకముండెను.

నూకాలమ్మ న్యాయస్థానమున మొఱపెట్టుకొనెను. ఈ నిర్ణయము చేసినదెవరని న్యాయమూర్తి యడుగగా పరాంకుశరావు "యంత్రము. నేను సంతకము మాత్రము చేసితిని" అనెను. దాని హేతువులేవి యనగా అవి యంత్రమును చేసిన సంస్థవారి వ్యాపారరహస్యములనెను. అచ్చట జనులుండుట యెఱుగుదురా యనగా "ఎఱుగను. ఆ రేవునకు నేనెన్నడు పోలేదు. ఈమె యెవరో నాకు తెలియదు" అని ప్రమాణముచేసి పలికెను.

యంత్రము చూడలేకపోయినదని నూకాలమ్మకు కోపము లేదు. చూచినవాడు చూడలేదనుటయే ఆమెకు సహింపరానిదయ్యెను.

"బాబూ, ఆరి కాలరు మడిసి సూడండి. జీడిరసంతో ఏసిన మూడు సుక్కలుంటాయి. అది నా గుర్తు. మొన్న లచ్చివారం నానే ఉతికి ఇచ్చినాను" అని ఆమె నెమ్మదిగా చెప్పెను.

బంట్రోతు మడిచి చూపెను. మూడు చుక్కలుండెను.

నివాసుల మాట వినక హేతువు చెప్పక చేసిన నిర్ణయము చెల్లదనియు సంతకము చేసినవాడు యంత్రము చాటున దాగరాదనియు చెప్పి న్యాయమూర్తి తాఖీదును కొట్టివేసెను.

వెలుపల డెబ్బది కుటుంబములవారు సంతోషించుచుండ పరాంకుశరావు తలవంచుకొని వచ్చి పైవారి యొత్తిడికి లొంగితినని గొణిగెను. నూకాలమ్మ కొంగుతో కన్నులొత్తుకొనెను.

"రేవు మాకు మిగిలింది బాబూ. తమరే మిగల్లేదు" అని ఆమె తనవారిలో కలిసిపోయెను.