చెంపకు తగిలిన చల్లదనము

వర్షావసానమున గౌతమీజలములు తమ రక్తవర్ణమును విడనాడి తేటపడుచుండగా లంకలయందు రెల్లుపూలు ధవళచామరములవలె వీచుచుండగా ప్రభాతతుషారబిందువు లింటికప్పులపై నింకను నిలిచియుండగా ఆ నదీతీరగ్రామమునందలి కుమ్మరివీథి మాత్ర మప్పటికే మేల్కాంచి మట్టి త్రొక్కు పాదముల చప్పుడుతో సందడించుచుండెను.

ఆ వీథికి ప్రతిదినమును తెల్లపంచెతో విచ్చేసి యెఱ్ఱపంచెతో నింటికి మరలు పెద్దమనిషి యొకడు గలడు. ఆయన నామధేయము విరూపాక్షయ్య. నలువదేండ్లు గణితోపాధ్యాయుడై మన్ననలంది విశ్రాంతి గైకొన్నవాడు. పొట్టకూటికై కాక కేవలము పంతమునకై మొదలిడి పిదప మనసుపడి యాయన కుమ్మరిసారెపై కుండ చేయ నేర్చుకొనుచుండెను. పంతమునకు గారణము భార్య కనకవల్లి. ఆమె యొకనాడు కాఫీ యందించుచు వేళాకోళమాడినది.

"ఊరందరి పిల్లల తప్పులూ దిద్దారు సరే. మీ చేత్తో మీరు ఒక్క వస్తువైనా చేసి ఎరుగుదురా?"

ఆ మాట ఆయనకు గ్రుచ్చుకొనెను. నిజమగుటచే మరింత గ్రుచ్చుకొనెను. కార్తికపౌర్ణమినాడు నా చేతికుండలోని చల్ల త్రాగెదవు చూడుమని శపథము చేసి యూరకుండక బావమరదికిని వియ్యంకునకును సైతము భోజనమునకు గబురంపెను. మాస్టారి తొందర యట్టిది.

గురువు ఆ వీథి కుమ్మరి సూరమ్మ. ఆమె చేతికి పెంపుడుపిల్లివలె లొంగు మట్టి మాస్టారి చేతిలో నొకనా డొరిగియు నొకనాడు చిరిగియు నాయనను మూడునెలలు ముప్పుతిప్పలు పెట్టెను. సారెనుండి దింపిన కుండకు లోపల రాయి యానించి వెలుపల చెక్కతో దట్టి పలుచన చేయుట యా వృత్తిమర్యాద. చిల్లు పడునేమో యను భయమున మాస్టారు అడుగుభాగమును మెల్లగా దట్టి విడిచెడివాడు.

"అడుగు కూడా గట్టిగా తట్టండి మేష్టారూ. మందంగా ఉంటే బలమనుకోకండి," అని సూరమ్మ పలుమారులు చెప్పినది. ఆయన తల యూపెడివాడు. ఒకరిచే దిద్దబడుట యెరుగని మనస్సు మాత్ర మా మాటను చేతులదాక పోనీయలేదు. ఎట్టకేలకు ఇరువదిమూడవ కుండ నిలిచెను. దానిని జూచుకొని యాయన పసివానివలె మురిసిపోయెను.

పౌర్ణమికి రెండుదినములు ముందు కుండలు కాల్చుటకు ఆవము పేర్చిరి. మూడిండ్లవారికి నొక్కటే యావము. తడి మిగిలిన కుండ యొక్కటి యున్నను మంటలో బ్రద్దలై చుట్టునున్నవానిని వెంటగొనిపోవును. అందుచే నావము పేర్చునప్పుడు చేసినవారే తమ కుండను చెంపకానించి చూచి యారినదో లేదో చెప్పవలెను. ఆరినచో చెంపకు వెచ్చన, తడి యున్నచో చల్లన. ఇతరులు తాకి చూడరు. చెప్పినమాటయే ప్రమాణము.

మాస్టారి కుండకు జూపిన చోటు సూరమ్మ మూడు పెండ్లిండ్లకై చేసిన కుండల నడుమ నుండెను.

"ఆరిందా మేష్టారూ?"

విరూపాక్షయ్య కుండను చెంపకానించెను. మెడ వెచ్చగా నుండెను. కడుపు వెచ్చగా నుండెను. అడుగు తగిలినంతనే యొక సన్నని చల్లదనము చెంపనుండి గుండెదాక దిగిపోయెను. ఆరినదని యొక్కమాట యన్నచో బ్రశ్నించువారు లేరు. ఈ యావము తప్పినచో మరల నెలదినముల కింకొకటి. ఇంటికడ బావమరది నవ్వు, వియ్యంకుని నవ్వు, కనకవల్లి నవ్వక దాచుకొను నవ్వు. ఆయన యా పెండ్లికుండలవంక జూచెను.

"లేదమ్మా, ఆరలేదు. అడుగు చల్లగా నున్నది."

అని యెల్లరు చూచుచుండగా కుండను మోకాటిపై వేసి పగులగొట్టెను. అడుగు రెండువ్రేళ్ళ మందమున లోలోపల నల్లగా దడిసియుండెను.

"నీవు చెప్పితివి. నేను వినలేదు. తప్పు నాది," అనెను. ఆ మాట పలుకుట కష్టమగునని తలచినవాడు గుండె తేలికపడుట జూచి తానే యాశ్చర్యపడెను.

ఆ ఖాళీలో వేరొక కుండను సర్దబోవువారిని సూరమ్మ వారించెను.

"అక్కడేం పెట్టకండి. గడ్డి కూరండి. ఆ చోటు మేష్టారిది. వచ్చే ఆవానికి ఆయన కుండ అక్కడే ఉంటాది." పిమ్మట నాయనవైపు దిరిగి, "నేర్చుకుంటామని చాలామందొచ్చేరండి. ఆరలేదని తమంతట తాము చెప్పినోళ్ళు మీరొక్కరే," అనినది.

నిప్పు పెట్టిరి. కుండకు బదులు గడ్డి నింపిన యా చోటనే మంట మొట్టమొదట నందుకొని పైకెగసెను. విరూపాక్షయ్య కన్నులార దానిని జూచి చేతులు కడుగుకొనకయే సారెకడకు బోయి మట్టిముద్ద నందుకొనెను.