ఎడమ భుజం మీద చెయ్యి

పక్షవాతం వచ్చి తగ్గాక లోకం నాకు మెత్తబడింది. చెయ్యీ కాలూ మూడు నెలల్లో బలం కూడదీసుకున్నాయి. మాట కూడా తిరిగి వచ్చింది, మా ఆవిడ వసంత లెక్కలో కాస్త ఎక్కువే వచ్చింది. కానీ రోజంతా తెల్లవారుజాము మంచులో నడుస్తున్నట్టుండేది. ఏమీ లేని చోట బర్రె పుట్టి, నా ముందు నుంచి కుడి పక్కకు నిదానంగా వెళ్ళిపోయేది. మనుషులు గాలిలోంచి ఊడిపడి "మంచిగున్నవా హన్మంతన్నా" అని అడిగేవారు. నిజంగానే మంచిగా ఉండేది. యాభై రెండేళ్ళలో అంత నిమ్మళం నేనెరగను.

అన్నం తక్కువ పెడుతోందని మాత్రం వసంత మీద అరిచేవాణ్ణి. ఆమె కంచం ఇటుది అటు తిప్పేది. ఖాళీ కంచంలో మళ్ళీ అన్నం ఉండేది. నేను అదీ తినేసేవాణ్ణి.

ట్రాక్టర్ మానలేదు. కేసముద్రం చుట్టుపక్కల ఇరవై ఏళ్ళుగా తోలుతున్నవాణ్ణి, మానమంటే మానతానా? వసంతే ఉపాయం చెప్పింది. ఎడమ మడ్‌గార్డు మీద కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసేది. ఒకసారి తడితే మెల్లగా పొమ్మని, రెండుసార్లు తడితే కుడికి జరపమని, గట్టిగా పిసికితే బ్రేకు వెయ్యమని. ఊరివాళ్ళు ఈ వయసులో సరసమేమిటని నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను.

మిరపకాయ ఏరే రోజులొచ్చాయి. ఇరవై మంది ఆడకూలీలను ట్రాలీలో చేల దగ్గర దింపడం ఏటా నా పనే. ఈసారి వాళ్ళ ముఠా పెద్ద విజయ బండికి అడ్డంగా నిలబడింది.

"నడపొచ్చని డాక్టర్‌తోని కాయితం రాయించుకరా అన్నా. గప్పుడే ఎక్కుతం. ఇంటికాడ మా పిల్లలున్నరు."

"నా బండికి ఇన్నేండ్లల్ల ఒక్క గీత వడ్డదా? కాయితమేంది?"

విజయ కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే మర్నాడు వసంతతో కలిసి బస్సెక్కి మహబూబాబాద్ దవాఖానకు పోయాను. ఆ కాయితం లేకపోతే నేను డ్రైవర్ని కాను. డ్రైవర్ని కాకపోతే ఏమవుతానో నాకు తెలియదు.

డాక్టరమ్మ మా సింధు ఈడుది. సింధు మా బిడ్డ, కురవిలో కాపురం. డాక్టరమ్మ నా చేతుల బలం చూసి మెచ్చుకుంది. తర్వాత నిండా సున్నాలున్న కాగితం ఇచ్చి అన్నీ కొట్టెయ్యమంది. చిటికెలో కొట్టేసి మీసం దువ్వుకున్నాను. ఆమె కాగితం ఇటుది అటు తిప్పింది. సగం సున్నాలు అలాగే ఉన్నాయి. గడియారం బొమ్మ గియ్యమంది. గీశాను. పన్నెండు అంకెలూ కుడి పక్కనే ఇరుక్కుని ఉన్నాయట.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయి బాపూ. దెబ్బ మెదడుకు తాకింది. ఎడమ దిక్కు ఒకటున్నదన్న సంగతే అది మరిచిపోయింది. గందుకే నీకు ఏదో తక్కువైందని గూడ తెలుస్తలేదు."

"నా ఎడమ దిక్కు మా ఆడామె చూస్తది" అని భుజం సంగతి చెప్పాను.

"అమ్మ ఒక్క దినం లేకుంటే ఎట్ల?"

నాకు కావలసిన ప్రశ్నే అడిగింది. "పోయినారం ఒక్కణ్ణే పోయిన. ఏం కాలే!" అన్నాను గొప్పగా.

నిజంగా ఎంత బాగుండిందో ఆ ప్రయాణం. ఊరి బయట బస్టాపు దాకా సింధును తీసుకురావడానికి ట్రాక్టర్ మీద వెళ్ళాను. రోడ్డు మీద పురుగు లేదు. ఎండ కూడా చప్పుడు చెయ్యకుండా వస్తోంది. నిద్రలో తోలుతున్నంత హాయి. స్టాపు దగ్గర ఎవరూ లేరు. సింధు వస్తానని చెప్పి రాలేదు. ఆ సాయంత్రం ఫోన్లో దులిపేశాను. అప్పటి నుంచి అది చేసినా నేను ఫోన్ ఎత్తడం లేదు.

ఇదంతా డాక్టరమ్మకు చెబుతుంటే వసంత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వచ్చింది" అంది.

"ఎవరు?"

"సింధు. బస్సు దిగి నిలవడ్డది. నిన్ను జూసి చెయ్యి ఊపింది. నువ్వు బండి దాని మీదికే తెచ్చినవు. కాలువల దుంకింది. మోచెయ్యి పగిలింది. పిలిచిందట, బండి మోతల నీకు ఇనవడలే. మళ్ళ బస్సెక్కి పోయింది. నాయినకు చెప్పకు, పరేషాన్ అయితడు అన్నది."

ఆ సాయంత్రం ఫోన్లో నేను తిడుతున్నంతసేపూ సింధు అన్నది ఒకటే మాట, "తప్పైంది నాయినా."

కళ్ళు మూసుకున్నాను. ఆ రోడ్డు మీద మళ్ళీ వెళ్ళాను. ఎండ ఉంది, కుడి పక్క పత్తి చేను ఉంది. నా బిడ్డ కోసం ఎంత వెతికినా కనపడలేదు. జ్ఞాపకంలో కూడా నాకు ఎడమ పక్క లేదు. జీవితంలో మొదటిసారి నన్ను చూసి నాకు భయం వేసింది.

"రాయుండ్రమ్మా" అన్నాను. "నడపొద్దని రాయుండ్రి. కుడి పక్కకు రాయుండ్రి, నాకు కనవడాలె."

డాక్టరమ్మ రాసింది. కొన్నాళ్ళకు మళ్ళీ చూద్దామంది. నేను తల ఊపి, సింధుకు ఫోన్ కలపమని వసంతను అడిగాను.

"నాయినా!" అంది సింధు, నేను మాట్లాడుతున్నానన్న సంతోషంతో.

"ఏ మోచెయ్యి బిడ్డా, ఎడమదా?" అని అడిగాను.