సన్నని చెయ్యి

"నీ చెయ్యి సన్నది గదా, నువ్వే పెట్టు నాగవేణీ," అంది అత్త సుబ్బులు, దొడ్డిలో గొర్రె ఈనలేక అరుస్తుంటే. అది పెళ్ళైన కొత్తల్లో మాట. నాగవేణి గాజులు తీసి, చెయ్యి లోపలికి పెట్టి, అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి లాగింది. పిల్ల వెనక రావాల్సిన మాయను కూడా ఒట్టి చేతుల్తోనే తీసి పారేసింది. తర్వాత చెంబెడు నీళ్ళతో కడుక్కొని రొట్టెల పిండి కలిపింది. "మా కోడలి చెయ్యి మంచిది" అని అత్త పెద్దారవీడు ఊరంతా చెప్పుకుంటే పిచ్చిది మురిసిపోయింది. పొగిడి పని చేయించుకుంటే కూలి ఇవ్వక్కర్లేదని అప్పటికి తెలియదు పాపం.

తర్వాత మందలో సూడి గొర్రెలు ఒక్కొక్కటే నెలలు నిండకుండానే ఈసుకుపోవడం మొదలైంది. నాగవేణికీ కడుపు నిలవలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు. పొద్దు వాలితే జ్వరం, తెల్లారేసరికి చెమట, నడుమూ కీళ్ళూ విరిగిపోయే నొప్పి. "పని ఉండే యాళకే నీకు జరం గుర్తొస్తాది" అన్నాడు మొగుడు ధనుంజయ. మంచి చెయ్యి కాస్తా చెడ్డ చెయ్యి అయింది. "ఇది ముట్టిన జీవాలన్నీ ఈసుకపోతాండాయి. గొడ్డుదాని చెయ్యి!" అంది అత్త, నలుగురూ వినేటట్టు.

పశువుల డాక్టరమ్మ జీవరత్నం వచ్చి గొర్రెల రక్తం పరీక్ష చేయించింది. ఇది అంటురోగమనీ, ఈసుకుపోయిన గొర్రె మాయలో, ఉమ్మనీటిలో ఆ క్రిములు కుప్పలుగా ఉంటాయనీ, చేతి పగుళ్ళలోంచి మనిషికి ఎక్కుతాయనీ, కడుపుతో ఉన్నవాళ్ళకు కడుపు పోవచ్చనీ చెప్పింది. "మాయ తీసేదెవరు?" అని అడిగింది. అందరూ నాగవేణి వైపు చూశారు. ఆమె తన జ్వరం సంగతి చెప్పింది.

"రోజూ జ్వరమా? నీ ఒళ్ళు ఆ క్రిములతో పోట్లాడుతోందమ్మా. ఒంటరిగా గెలవలేదు. మార్కాపురం పెద్దాసుపత్రిలో రక్తం చూపించుకో, మందులున్నాయి."

"గొర్లకు మందు లేదా మేడం?" అన్నాడు ధనుంజయ. వాడు అడిగింది అదొక్కటే. జబ్బు జీవాలను వేరే కొట్టంలో కట్టి మేత వేశాడు. నాగవేణి కంచాన్నీ గ్లాసునూ అత్త వేరు పెట్టింది. "నా కొడుక్కి అంటుకుంటే? వాడికింకో పిల్లను చూస్తా" అంది. ఈసుకుపోయిన గొర్రెల్ని మాత్రం ఆ నోరు ఒక్కనాడూ గొడ్డువి అనలేదు.

ఆసుపత్రికి ఈ వారం, పై వారం అని ధనుంజయ అంటుండగానే నెల గడిచింది. ఆ సాయంత్రం ఇంకో గొర్రె అడ్డం తిరిగింది. ధనుంజయ కొత్త రబ్బరు గ్లౌజులు తొడుక్కొని గొర్రె తల పట్టుకున్నాడు. "రా, చెయ్యి పెట్టు."

"నాకు గ్లౌజులేవి?"

"నీకు ఎట్లాగూ అంటుకునే ఉండాది గదా! ఇంక నీకెందుకు?"

వాడి గొంతులో కోపం కూడా లేదు. ఉప్పు తెమ్మన్నంత మామూలుగా అన్నాడు. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో తన తరఫున పోట్లాడింది తన ఒళ్ళొక్కటేనని నాగవేణికి అప్పుడు అర్థమైంది. దాన్నే తాను ఈ దొడ్డిలో రోజూ ఓడిస్తూ వచ్చింది.

గొర్రె కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. దానిమీద జాలితో ఆమె ప్రాణం విలవిల్లాడింది. అయినా కొంగుకు చేతులు తుడుచుకుంది.

"యాడికే? ఇది సచ్చిపోతాది!" అని అరిచింది అత్త.

"మార్కాపురం బస్సుకు," అంది నాగవేణి గేటు తీస్తూ. "గ్లౌజులు నీ కొడుకు చేతికే ఉండాయి గదత్తా. వాణ్ణే పెట్టమను."