మెట్ల మలుపు డబ్బా

తెనాలి చెంచుపేటలో కరుణశ్రీ నడిపే ఆడపిల్లల హాస్టలుకి బోర్డు లేదు. బోర్డు పెట్టుకునేంత హాస్టలు కాదది. కింద హాలు, వంటిల్లు, ఆవిడ పడగ్గది. పైన వరసగా మూడు గదులు, వాటిలో ఆరుగురు అమ్మాయిలు. అందరూ బ్యాంకు పరీక్షలకనీ ఇంకేవో పరీక్షలకనీ కోచింగుకు వచ్చినవాళ్ళే.

భర్త జార్జి రైల్వేలో గార్డుగా చేస్తూ, రిటైరవడానికి ఇంకా చాలా ఏళ్ళుండగానే గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు. రేపల్లె నుంచి అక్క వరమ్మ వచ్చి, "ఒక్కదానివీ ఇక్కడేం చేస్తావే, వచ్చెయ్ నా దగ్గరికి" అని నెత్తీనోరూ బాదుకుంది. కరుణశ్రీ వెళ్ళలేదు. పై గదులు అమ్మాయిలకిచ్చింది. నాలుగు రాళ్ళు వెనకేసుకోవడానికని వీధిలో అనుకున్నారు. అనుకోనిచ్చింది. పెన్షనుతో ఆవిడకి ఏ లోటూ లేదు. ఆవిడకి గడవనిది సాయంత్రం ఒక్కటే. దీపాలు పెట్టే వేళకి ఆ ఇంట్లో ఫ్రిజ్జు చప్పుడు కూడా పెద్దగా వినపడేది. అది ఆవిడ భరించలేకపోయింది.

ఇంటర్నెట్టు కనెక్షను జార్జి బతికుండగా పెట్టించిందే. కంపెనీవాళ్ళ రౌటరు హాల్లో టీవీ పక్కన మేకుకి వేలాడుతుంది. వైఫైకి ఏం పేరు పెట్టమంటారని అడిగితే, ఆ మహానుభావుడు ఇంకేం తోచనట్టు తన పేరే చెప్పాడు. అందుకని ఇప్పటికీ ఫోనులో వెతికితే 'జార్జి' అని వస్తుంది. ఆ సిగ్నలు హాలు దాటి మెట్లెక్కదు. మధ్యలో స్లాబు అడ్డం. అమ్మాయిల ఫోన్లలో ఏ రోజు డేటా ఆ రోజు కోచింగు వీడియోలకే ఆవిరైపోయేది. సాయంత్రమయ్యేసరికి చచ్చినట్టు అందరూ కిందికి దిగేవాళ్ళు.

దిగినవాళ్ళని ఊరికే కూర్చోనిస్తే ఆవిడ కరుణశ్రీ ఎందుకవుతుంది? చాపమీద పాత పేపరు పరిచి, పదిచేతులు పడితేగాని తెమలని కూరే తెచ్చి పోసేది. గోరుచిక్కుళ్ళు, తోటకూర, కాలమొస్తే చింతచిగురు. వరమ్మ రేపల్లె ప్యాసింజరులో ఎవరో ఒకరి చేత పంపే ఎండురొయ్యలకి తలలూ తోకలూ తుంచే పని ఉండనే ఉంది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో చింతచిగురు పుల్లలు. ఎవరి ఇంట్లో ఏం గొడవ, ఏ సారు పాఠం నిద్రొస్తుంది, ఎవరికి ఎక్కణ్ణుంచి సంబంధం వచ్చింది, అన్నీ ఆ పేపరు మీదే తేలేవి. నెట్టు నెమ్మదించినప్పుడు జ్యోతిర్మయి మొదలుపెట్టేది.

"ఆంటీ, జార్జి అంకులు ఇవాళ నీరసంగా ఉన్నాడండి."

"మీ అంకులు ఎప్పుడు టైముకొచ్చాడు గనక? ఆయన బండీ లేటే, ఆయనా లేటే" అనేది కరుణశ్రీ. అందరూ గొల్లుమనేవాళ్ళు. ఆయన పేరు పట్టుకుని అట్లా నవ్వేవాళ్ళు ఆ ఇంట్లో ఉండటం ఆవిడకి ఎంత బాగుండేదో చెప్పలేం.

ఆ జ్యోతిర్మయే ఒకరోజు మూతి ముడుచుకుని దిగింది. జంపని నుంచి వచ్చిన పిల్ల, మనసులో ఏదీ దాచుకోదు. "కోచింగు సెంటరు పక్కన కొత్త హాస్టలు పెట్టారు ఆంటీ. గదిగదికీ వైఫై అంట. మంచమ్మీద పడుకునే క్లాసు వినొచ్చంట. మేమందరం అక్కడికి పోదామనుకుంటున్నాం. మీరేం అనుకోకండి."

"పరీక్ష కూడా మంచమ్మీద పడుకునే రాస్తారా?" అని నవ్వేసింది గాని, ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు. ఆరుగురూ పెట్టెలు సర్దుకుపోతే పైన మూడు గదులూ, కింద తనూ. మళ్ళీ ఆ ఫ్రిజ్జు చప్పుడు. పొద్దున్నే బాపట్లకి ఫోను చేసింది.

బాపట్లలో జార్జి అక్కకొడుకు దీపక్ ఉన్నాడు. ఆ ఇంటర్నెట్టు కంపెనీ ఆఫీసులోనే పని. ఆదివారం గుడిలో ఆరాధన అవగానే అట్టపెట్టె పట్టుకుని దిగాడు. పెట్టెలో మూడు తెల్ల డబ్బాలున్నాయి, ఒక్కోటీ కుంకుమభరిణె కంటే కాస్త పెద్దది.

"దీన్ని మెష్ అంటారు అత్తయ్యా. కంపెనీ రౌటరు ఎక్కడికీ పోదు, ఇంట్లోకి నెట్టు తెచ్చేది అదే. దాంట్లోంచి ఒక వైరు ఈ మొదటి డబ్బాకి. ఇది హాల్లోనే ఉంటుంది. రెండోది మెట్ల మలుపులో, మూడోది పైన వరండాలో. నిప్పంటుకున్నప్పుడు బకెట్లు చేతులు మారుస్తారు చూడు, అట్లా ఒకటి ఇంకోదానికి అందిస్తుంది. మధ్యది ఆగిందంటే పైదానికి అందదు. దాని జోలికి మాత్రం ఎవరూ పోకండి."

మెట్ల మలుపులో పైనెక్కడో ఉన్న ప్లగ్గుకి స్టూలెక్కి డబ్బా పెట్టాడు. కొత్త వైఫైకి అమ్మాయిలే ఏదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు. అంతా అయ్యాక దీపక్ హాల్లో రౌటరు ముందు నిలబడ్డాడు.

"దీని వైఫై ఆపేస్తున్నా అత్తయ్యా. ఇంట్లో రెండు పేర్లుంటే ఫోన్లు తికమకపడతాయి."

"ఉండనీరా."

"దేనికి? ఇక దీంతో పనిలేదు."

"ఉండనీ అన్నానుగా."

దీపక్ తన ఫోనులో ఆ పేరు చూశాడు. మామయ్య పేరు. దాన్ని అలాగే వదిలేశాడు.

ఆ సాయంత్రం కరుణశ్రీ చాప పరిచింది. పేపరు పరిచింది. పళ్ళెం నిండా చింతచిగురు పోసి కూర్చుంది. ఎవరూ దిగలేదు. పైనుంచి తలుపులు వేసుకున్న చప్పుడు మాత్రం వచ్చింది. జ్యోతిర్మయి మెట్లమీంచి వంగి, "సూపరు ఆంటీ! బాత్రూములో కూడా వస్తోందండి!" అని అరిచి మాయమైపోయింది. వెళ్ళిపోతారన్న బెంగతో ఆవిడ డబ్బాలు పెట్టించింది. వాళ్ళు వెళ్ళలేదు, పైనే ఉన్నారు. అయినా ఆవిడ ఒక్కతే అయిపోయింది.

అన్నానికి దిగేవాళ్ళు, కంచాల్లో పెట్టుకుని పైకెక్కేవాళ్ళు. "కూర బాగుంది ఆంటీ" అనే మాట మెట్లమీద నుంచే వినపడేది. ఎవరికి ఒంట్లో బాలేదో, ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆవిడకి తెలియడం మానేసింది. పిల్లల తప్పేం లేదు. ఈ వయసులో తనైనా అంతే చేసేది. ఆ సంగతి తెలుసు కాబట్టే ఎవర్నీ ఏమీ అనలేకపోయింది, అనలేకపోవడం వల్లే మరీ దిగులేసింది.

ఒక సాయంత్రం మెట్ల మీది బూజు దులుపుతుంటే కర్ర తగిలి మలుపులో ప్లగ్గు ఊడింది. ఆవిడ చూసుకోలేదు. కాసేపటికే పైన కలకలం, బిలబిలమంటూ ఆరుగురూ హాల్లోకి దిగారు. నెట్టు పోయిందని తిట్టుకుంటూనే చాపమీద కూలబడ్డారు. అలవాటైన చేతులు ఊరుకుంటాయా? ఎవరూ చెప్పకుండానే తోటకూర కట్ట విప్పారు. కర్లపాలెం నుంచి వచ్చిన ఝాన్సీ, అసలే మాట తక్కువ పిల్ల, కుక్క తరిమితే తను గేదె మీదికెక్కిన కథ చెప్పింది. కరుణశ్రీ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. అందరూ పైకెళ్ళాక చూస్తే ప్లగ్గు వేలాడుతోంది. దాన్ని మళ్ళీ గుచ్చేటప్పుడే ఆవిడకి ఆ పాడు ఆలోచన వచ్చింది.

మర్నాడు సాయంత్రం ప్రార్థన చేసుకుని, ఆమెన్ అని కళ్ళు తెరిచి, తిన్నగా వెళ్ళి స్టూలెక్కి ప్లగ్గు లాగింది. దేవుడి ముందునుంచి లేచి చేసే పనేనా ఇది అని సిగ్గేసింది. అయినా లాగింది. "ఆ ప్లగ్గు వదులమ్మా, కాసేపటికి అదే వస్తుందిలే" అని అమ్మాయిలకి చెప్పింది. కూర తెమిలాక మళ్ళీ గుచ్చేది. పోనీ ఒక్కసారితో ఆపిందా అంటే, లేదు. వాన పడ్డ రోజు, ఆదివారం, ఊరికే మనసు బాగాలేని రోజు, అట్లా అట్లా ఇంచుమించు రోజూ అదే పనైంది.

బాపట్ల నుంచి దీపక్ ఫోను చేశాడు. "అత్తయ్యా, నీ డబ్బాలు నా ఫోనులో కనపడుతుంటాయి. సాయంత్రం పూట మధ్యది ఆగి, దాంతో పైదీ పోతోందే? కరెంటు పోతే మూడూ పోవాలి కదా, హాల్లోది ఎందుకు పోవట్లేదు?"

"ప్లగ్గు వదులురా."

"సరిగ్గా అదే వేళకి వదులవుతుందా?"

"నాకేం తెలుసురా, నీ డబ్బాని అడుగు" అని విసుక్కుని పెట్టేసింది. మేనల్లుడితో అబద్ధమాడినందుకు చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఆ తర్వాత వచ్చిందే ఆ పాడు సాయంత్రం. ప్లగ్గు లాగి ఆవిడ ఇంకా స్టూలు దిగలేదు, పైన గది తలుపు దభాలున తెరుచుకుంది. ఝాన్సీ ల్యాపుటాపు రెండు చేతుల్లో ఎత్తుకుని మెట్లు దిగుతూ పరుగెత్తుకొచ్చింది. ఇస్త్రీ చేసిన చుడీదారు, బొట్టు, నున్నగా దువ్విన జడ. మొహంలో నెత్తురుచుక్క లేదు. ప్లగ్గు మళ్ళీ ఊడితే ఆవిడ బిగిస్తోందనుకుంది.

"ఇంటర్వ్యూ ఆంటీ! హైదరాబాదు వాళ్ళు! మధ్యలో ఆగిపోయింది!"

హాల్లో టీవీ కింద నేలమీద కూలబడి మళ్ళీ కలిపింది. అవతలివాళ్ళు కలిశారు. "సారీ సార్, సారీ మేడమ్" అంటూనే ఉంది. ఒకటో రెండో అడిగి, తెలియజేస్తామని వాళ్ళు ముగించేశారు. కరుణశ్రీ మెట్ల మలుపులో, చేతిలో ప్లగ్గుతో అలాగే నిలబడిపోయింది.

ఇంటర్వ్యూ ఉందని ఆవిడకి తెలియదు. ఎవరు చెప్పారు గనక? హాల్లో చాప నిండుగా ఉన్న రోజుల్లోనైతే అది ఏ ఉద్యోగమో, ఏం అడుగుతారో, ఏ చుడీదారు వేసుకోవాలో అన్నీ చింతచిగురు మధ్యే తేలిపోయేవి. ఇంటిల్లిపాదీ ఆ పిల్ల కోసం ప్రార్థన చేసుండేవాళ్ళు.

ఆ ఉద్యోగం రాలేదు. వాళ్ళు వేరే ఎవర్నో తీసుకున్నారని ఝాన్సీయే వచ్చి చెప్పింది. చెప్పడానికని మాత్రమే రాలేదు, ఆ పిల్ల చేతిలో నల్ల టేపు చుట్ట ఉంది.

"ఆ ప్లగ్గు వదులన్నారుగా ఆంటీ, బజారులో టేపు తెచ్చాను. నాకు పోతే పోయిందిలెండి, ఇంకోటి వస్తుంది. రేపు జ్యోతికి కూడా ఇంటర్వ్యూ ఉందంట. ఇంకెవరికీ ఇట్లా కాకూడదండి. మీరు కాస్త స్టూలు పట్టుకోండి."

కరుణశ్రీ స్టూలు పట్టుకుంది. 'ప్లగ్గు వదులు కాదే తల్లీ, లాగింది నేనే' అన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఈ పిల్ల మొహం ఎట్లా మారుతుందో తలుచుకుంటే నోరు పెగల్లేదు. చెబితే రేపటికి పైన గదులు ఖాళీ. పైన వాళ్ళ అడుగుల చప్పుడైనా వినపడుతోంది, అది కూడా పోతుంది. ఝాన్సీ పళ్ళతో టేపు తుంపుతూ, డబ్బా చుట్టూ, ప్లగ్గు చుట్టూ, స్విచ్చిబోర్డు చుట్టూ గట్టిగా అతికించింది. స్విచ్చి కూడా కదలకుండా దానిమీద అడ్డంగా ఇంకో ముక్క వేసింది.

"ఇక ఊడదండి" అంది సంతోషంగా.

"ఊడదమ్మా" అంది కరుణశ్రీ. స్టూలు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఆవిడ హాల్లో చింతచిగురు ముందేసుకుని కూర్చునుండగా ఫోను మోగింది. దీపక్.

"అత్తయ్యా, ఈమధ్య మధ్య డబ్బా అసలు ఆగట్లేదే?"

"ఆగదురా. అమ్మాయిలు టేపు వేశారు."

అవతల బాపట్ల ఆఫీసు బయట ఏదో బస్సు హారను వినపడింది.

"నాకు ముందే అనుమానమొచ్చింది" అన్నాడు దీపక్. "అడిగితే బాధపడతావని అడగలేదు."

"మంచిపని చేశావు, ఇప్పుడు కూడా అడక్కు." ఆవిడ ఒక చింతచిగురు పుల్ల తీసి పక్కన పడేసింది. "ఒరే, పైన ఎందరి ఫోన్లు కలిశాయో నీకు కనపడుతుందా?"

"ఆ, అందరివీ ఉన్నాయి. ల్యాపుటాపులు కూడా."

"మరి మీ మామయ్య పేరు మీద?"

"పాతదా? ఆగు, అది ఆఫీసు సిస్టంలో చూడాలి." కాసేపు కీబోర్డు టకటకలు. "ఒక్కటే ఉంది అత్తయ్యా. నీ ఫోనే."

కరుణశ్రీ టీవీ పక్కన వేలాడే రౌటరు వైపు చూసింది.

"ఇక దాన్ని ఆపెయ్యనా అత్తయ్యా?" అన్నాడు మెల్లిగా. "ఊరికే నడుస్తోంది."

"వద్దురా. ఆ పేరు ఈ హాలు దాటదు. అది కూడా ఆపేస్తే ఈ హాల్లో నేను ఒక్కదాన్నే ఎందుకు కూర్చున్నానో నాకే తెలీకుండా పోతుంది."

వచ్చే ఆదివారం గుడి అవగానే వస్తానన్నాడు దీపక్. వచ్చేటప్పుడు ఏం తేవాలని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి ఫోను పెట్టేసింది. పైన ఎవరో ఏదో అన్నారు, అందరూ ఒక్కసారిగా నవ్వారు. దేనికో తెలియకపోయినా ఆవిడా తలెత్తి కొంచెం నవ్వింది. తర్వాత పేపరు దగ్గరికి లాక్కుంది. చింతచిగురు ఏడుగురికి సరిపడా ఉంది. పుల్లలు ఏరడానికి ఆవిడ ఒక్కతే.