సోమవారం హాజరు

ఎనిమిదో దుంగను ట్రాలీ మీదికి దొర్లించేసరికి దుంగలాయన కళ్ళకు చీకట్లు కమ్మాయి. అది దుంగ బరువు వల్ల కాదు. నిన్న రాత్రి తొమ్మిదింటికి వేసుకున్న పొడి తాలూకు బిగువు ఈ మధ్యాహ్నం పన్నెండైనా దిగలేదు. పంచె బిగించి, పైన గోనెపట్టా చుట్టుకుని, పళ్ళు బిగబట్టి తోస్తున్నాడు. అడుగు తీసి అడుగు వేస్తే పొత్తికడుపులోకి మేకు దిగినట్టుంది.

"మామా, ఇంకా దిగలేదా? నీకో దండం!" రంపం దగ్గర్నుంచి మేస్త్రీ అరిచాడు.

కోత మిల్లంతా గొల్లుమంది. దుంగలాయన కూడా నవ్వాడు. నవ్వడమేమిటి, మీసం కూడా దువ్వాడు! నరకంలో నిలబడి స్వర్గంలో ఉన్నానని చాటడానికి మనిషికి ఎంత ఓపిక కావాలి!

ఆ మిల్లులో ఓ మాయదారి ఆచారం ఉంది. సోమవారం పొద్దున్నే, రంపం తిప్పేముందు, మేస్త్రీ హాజరు వేస్తాడు. రిజిస్టరులో ఎక్కే హాజరు కాదు. నిన్న రాత్రి పెళ్ళాం దగ్గర ఎన్నిసార్లో ఒక్కొక్కడూ అందరి ముందూ చెప్పాలి. చెప్పేవి సగానికి సగం కోతలేనని అందరికీ తెలుసు. అయినా చెప్పాలి. సున్నా అన్నవాడి చేతికి చీపురిస్తారు. వారమంతా రంపపు పొట్టు ఊడవడం వాడి వంతు, వాణ్ణి 'వదినా' అని పిలవడం మిగతావాళ్ళ వంతు.

దుంగలాయనకు యాభై రెండేళ్ళు. షుగరు వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఏడాదిగా ఒళ్ళు మాట వినడం మానేసింది. నెలనెలా ఆసుపత్రికి వెళ్ళి కాళ్ళు తిమ్మిర్లని చెప్పేవాడు, కళ్ళు మసకలని చెప్పేవాడు, ఆ ఒక్క మాటా గొంతు దాటేది కాదు. భార్యతోనూ అనలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పోనీ మిల్లులో బొంకుదామంటే చెవులు ఎర్రబడి పట్టిచ్చేసేవి. ఆరు వారాలు వరసగా అతనే వదిన. ఏడో వారం గేటు దగ్గర సైకిలు మీద మగతనం పొడి పొట్లాలమ్మేవాడికి ఒక రోజు కూలి పోశాడు. వాడు ఒక పొట్లం చాలంటే రెండు మింగాడు.

తెల్లవారుజామున భార్య చూసి హడలిపోయింది.

"ఇదేంటయ్యా, ఇంకా ఇలాగే ఉందేంటి? నొప్పితో మెలికలు తిరుగుతున్నావు. ఆసుపత్రికి పోదాం పద."

"నోర్ముయ్యి. ఇవాళ సోమవారం" అని వచ్చేశాడు.

హాజరులో అంకె చెప్పే పని లేకపోయింది. లేచి నిలబడ్డాడు, అంతే! భుజాలకెత్తుకుని మిల్లు చుట్టూ ఊరేగించారు. ఎక్కడ కొన్నావని అడిగితే ఛాతీ విరుచుకుని, గేటు దగ్గర సైకిలువాడని అందరికీ వినబడేలా చెప్పాడు. పొట్టు బస్తాలు నింపేవాడు రెండోసారి అడిగి మరీ తెలుసుకున్నాడు. ఆ బస్తాలవాడికి ఈమధ్యే మారు పెళ్ళయింది.

సాయంత్రం అయిదింటికి ట్రాలీ పక్కనే కూలబడితే ఆటోలో వేసుకెళ్ళారు.

"నాలుగు గంటలు దాటిందంటే పరిగెత్తుకు రావాలయ్యా. ఇరవై గంటలు మోశావు" అంది డాక్టరమ్మ. సూదులతో నల్లటి రక్తం లాగారు. చాలక కోత పెట్టారు.

"ఇంక పనికిరాదామ్మా?" అని అడిగాడు మర్నాడు. ఆ సంగతి ఒక డాక్టరును నోరు విప్పి అడగడం అతని జన్మలో అదే మొదలు.

"రాదు. లోపల కండ చచ్చిపోయింది. షుగరు వల్ల వచ్చిన తేడాకి మందులున్నాయి. నెలనెలా నా ఎదురుగానే కూర్చున్నావు, ఒక్క మాట అనలేకపోయావా?"

"మీరూ అడగలేదు కదమ్మా."



భార్య మంచం పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా ఉందామెకు.

"నేనెప్పుడైనా అడిగానా? మీద చెయ్యి వేసి పడుకుంటే చాలనుకున్నా. నువ్వా చెయ్యి కూడా తీసేశావు. నాకోసం మింగానని మాత్రం అనకు. నాకోసమే అయితే నన్ను అడిగేవాడివి."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మూడు వారాల తర్వాత సోమవారం పనిలోకి వచ్చాడు.

"వచ్చాడ్రా మొనగాడు! చెప్పు మామా, మూడు వారాలవీ కలిపి ఒకేసారి చెప్పు!" అన్నాడు మేస్త్రీ.

"సున్నా" అన్నాడు దుంగలాయన. "ఇంక చచ్చేదాకా సున్నాయే." పొడి సంగతి, సూదుల సంగతి, నాలుగు గంటల సంగతి, చచ్చిపోయిన కండ సంగతి, అన్నీ చెప్పాడు. ఒక్కొక్కడూ తెలియకుండానే పంచె సర్దుకున్నాడు.

"అంటే మామ ఇంక పూర్తిగా వదినే అన్నమాట!" అన్నాడు మేస్త్రీ. ఆ ఒక్క మాటతో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుని నవ్వారు. ఎవడో చీపురు తెచ్చి చేతికివ్వబోయాడు.

"ఊడవను. నేను దుంగలు దొర్లించడానికొచ్చాను. ఈ హాజరుకి ఇంక పలకను" అన్నాడు దుంగలాయన.

బస్తాల వెనక ఒకడు మాత్రం నవ్వడం లేదు. పొట్టు బస్తాలవాడు నడుముకు గోనెపట్టా చుట్టుకుని, గోడకు ఆనుకుని ఉన్నాడు. ముఖం నిండా చెమటలు.

"ఎన్ని గంటలన్నావు మామా?"

దుంగలాయన అతని దగ్గరికి ఉరికాడు. సైకిలువాడి గుర్తులు చెప్పింది తనే! "నాలుగు. నీకెప్పట్నుంచిరా?"

"రాత్రి రెండింటి నుంచి."

"ఎనిమిదైంది! ఇంకా దక్కుతుందేమో, పద అల్లుడూ, పద!" అని మణికట్టు పట్టుకుని లాగాడు.

"ఒక్క నిమిషం మామా. నా వంతు వచ్చేసింది. మూడు వారాల్నుంచీ ఊడుస్తున్నా. ఈ ఒక్కసారీ చెప్పుకుని వచ్చేస్తా."

"పొట్టు బస్తాలు!" మేస్త్రీ కేక పెట్టాడు.

అతను చెయ్యి విదిలించుకుని, గోనెపట్టా విప్పేసి, కాళ్ళు ఎడంగా వేస్తూ మధ్యలోకి నడిచాడు. ఈలలు మొదలయ్యాయి. నలుగురు అతన్ని అమాంతం భుజాలకెత్తుకున్నారు.

"దించండ్రా! వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, దించండ్రా!" దుంగలాయన అడ్డుపడి ఒకడి చొక్కా పట్టుకున్నాడు. వాడు మోచేత్తో నెట్టేసి ముందుకు సాగాడు.

పైనున్నవాడు నొప్పికి తాళలేక కెవ్వున అరిచాడు. మోస్తున్నవాళ్ళు అంతకంటే గట్టిగా జై కొట్టారు.