సగం కత్తెర

మా మామగారు జీవితమంతా ఒకే ఎంజైముతో కుస్తీ పట్టారు. మెదడు కణాల మీదుండే ఒక ప్రొటీన్‌ని అది కత్తెరలా కత్తిరిస్తుంది. తెగిన ముక్కలు గడ్డకడతాయి, మతిమరుపు జబ్బుకు అక్కడే బీజం పడుతుందని ఆయన నమ్మకం. కాబట్టి ఆ కత్తెరను పూర్తిగా కట్టేయాలనేవారు. నరాలకు వేరే పనులకూ అదే కత్తెర కావాలి, సగం ఆపితే చాలని నేననేదాన్ని. ఇద్దరిదీ ఒకే ల్యాబు కావడంతో అన్నం దగ్గర కూడా ఇదే రగడ. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాకూ నోరేం తక్కువ కాదు.

చివరికి ఆ జబ్బు ఆయనకే వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక అందరి మీదా కోప్పడ్డాను.

నా సగం మందుకు ల్యాబులో ఆఖరి అవకాశం ఇచ్చారు. చుట్టూ కన్నాలున్న గుండ్రటి బల్ల మీద జబ్బు ఎలుకలను వదలాలి. గూడు ఏ కన్నం కింద ఉందో గుర్తున్నది తిన్నగా అక్కడికి పోతుంది. మందు తాగినవన్నీ తిన్నగా పోయాయి. చప్పట్లు కొట్టుకున్నాం. తర్వాత వదిలితే, మందు తాగనివీ తిన్నగానే పోయాయి. సంబరంలో ఎవరమూ బల్ల తుడవలేదు. ముందు వెళ్లినవాటి వాసన పట్టుకుని వెనకవి వెళ్లిపోయాయి.

"ఇక ఈ మందు అటకెక్కినట్టే" అన్నాడు మేనేజరు.

"బల్ల తుడవంది మనం. తప్పు మందుదా?" అని కయ్యానికి దిగి, మరో వారం గడువు సంపాదించాను.

ఈసారి ఒక్కో ఎలుక దిగగానే స్పిరిట్‌తో తుడిచాం. మందు తాగనివి దిక్కులు చూశాయి. మామగారన్నట్టు ఎంజైమును పూర్తిగా ఆపినవీ అంతే. సగం ఆపినవి మాత్రం చాలావరకు గూడు చేరాయి. ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి పరిగెత్తాను.

మామగారు కళ్లజోడు పెట్టుకుని గ్రాఫు చూశారు.

"బల్ల తుడిచారా అమ్మా?"

"తుడిచామండి."

"అయితే ఇది నిజమే. మా కోడలు మొదట్నించీ సగం చాలనే అంటోంది. అదే కరెక్టు." గొంతు తగ్గించారు. "ఈ మాట దానితో అనకండి. అసలే నెత్తికెక్కి కూర్చుంటుంది."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు.

"అననులెండి" అన్నాను.

"మరి మనుషులకెప్పుడు ఇస్తారు?"

"ఇంకా బోలెడు పనుందండి."

"అంత పని పెట్టుకుని ఇక్కడ కూర్చున్నారేంటి? వెళ్లండి" అని కసురుకున్నారు.